మీకు తెలుసా? పతకం ముఖం కాదు, అంచు చూడాలి!

అయిజలో నీళ్లంటే తుంగభద్ర, రాజోలిబండ (ఆర్డీఎస్) కాలువ. సముద్రం ఊసెక్కడిది? అయినా నౌకాదళ పతకం చేతికొస్తే దాన్ని చదవడం కష్టమేం కాదు.

మొదటి ప్రపంచయుద్ధం నాటి బ్రిటిష్ వార్ మెడల్ వెండిది. ఒకవైపు రాజుగారి బొమ్మ. సేకర్తలు మాత్రం ముందు భూతద్దం పట్టేది అంచుకే. నావికుడి నంబరు, పేరు, హోదా అక్కడే అచ్చొత్తి ఉంటాయి. 1908 నుంచి చేరిన స్టోకర్ల, అంటే బాయిలర్ల పొయ్యిల్లోకి బొగ్గెత్తి పోసేవాళ్ల, నంబరు ముందు ‘కె’ అక్షరం ఉండేది; ఇంజను గది ఆర్టిఫీసర్లకు, అంటే యంత్రాల పనివాళ్లకు, ‘ఎం’, డెక్కు మీది నావికులకు ‘జె’. ఒక్క అక్షరంతో మనిషి పైన ఎండలో ఉన్నాడో, కింద మంట దగ్గర మాడాడో తెలిసిపోతుంది!

మన దగ్గర 1971 యుద్ధానికి పూర్వీ స్టార్, పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్ ఇచ్చారు. అన్నట్టు, మన ఇంజను నావికులకు చదువు చెప్పే ఐఎన్ఎస్ శివాజీ ఉన్నది లోనావాలా కొండల్లో, 1945 నుంచి. అయిజలాగే అదీ సముద్రపు ఒడ్డున లేదు.

తాతగారి పెట్టెలో పతకం దొరికితే చింతపండుతో తోమకండి. అంచు మీది అక్షరాలు అరిగిపోతాయి.