పెరటిలో తంగేడు

వానలు వెనుకపట్టి, బీళ్లలోని పచ్చిక ఎండనారంభించే కాలంలో పసుపుపచ్చని పూగుత్తులతో నిండుగా నిలిచే పొద తంగేడు. పూలు ఏడాదిలో ఇతర మాసాలలోనూ కొద్దిగా కనబడినా, వర్షాల తరువాతనే దాని అసలు శోభ. తెలంగాణలో బతుకమ్మకు గునుగుతోపాటు ఇదే ప్రధానమైన పువ్వు. 2014లో ఇది ఆ రాష్ట్ర పుష్పమైనది. దక్కనీ మాట్లాడే పెద్దలు దీనిని 'తర్వర్' అంటారు. దీని చెక్కతో తోళ్లు ఊనడం పూర్వం నుండి ఉన్న వృత్తి. శాస్త్రజ్ఞులు దీనిని 'సెన్నా ఆరిక్యులేటా' అని పిలుస్తారు. ఆకుకాడ మొదట చెవుల వంటి పత్రాలు ఉండుటయే ఈ పేరుకు కారణం.

ఈ పువ్వులో ఒక విశేషం కలదు. ఇందులో మకరందం లేదు. కీటకాలకు అది ఇచ్చేది పుప్పొడి మాత్రమే. ఆ పుప్పొడి కూడా బయటకు రాలి ఉండదు. పుప్పొడి తిత్తులు నిలువునా చీలక, కొనయందు చిన్న రంధ్రం మాత్రమే కలిగి ఉంటాయి. నల్లని పెద్ద తుమ్మెద పువ్వును పట్టుకొని, రెక్కల కండరాలను అదిరించి ఝుమ్మని మ్రోగినప్పుడు, ఉప్పుబుడ్డిని కదిలించినట్లు పొడి వెలికి వస్తుంది. సాధారణ తేనెటీగకు ఈ విద్య లేదు. రాలిన పొడిని ఏరుకొనుటయే దాని పని.

దీనివలన మనకేమి ప్రయోజనమని కొందరు అడుగవచ్చును. వంకాయ, టమాటా పూల పుప్పొడి తిత్తులు కూడా ఇట్టి రంధ్రాలు కలవే. వాటిని చక్కగా ఫలింపజేసేదీ ఈ అదిరించే కీటకాలే. ఆ పూలలోనూ మకరందం లేదు. కనుక పెరట్లో తుమ్మెదకు తంగేడుతో ఆహారం దొరికితే, ప్రక్కనున్న వంగమొక్కకూ మేలు జరుగుతుంది. అందాన్ని చూచి మనం నాటే ముద్దపూలలో అనేకం కీటకాలకు పిడికెడు పొడినైనా ఈయలేవు.

పెంచే విధానం సులభమే. చలికాలంలో కాయలు గోధుమరంగుకు తిరిగి ఎండినప్పుడు గింజలు సేకరించాలి. గింజ పెంకు గట్టిది. గరుకురాతిపై కొద్దిగా రుద్ది, రాత్రంతా నీటిలో నానవేసి, తొలకరిలో అర అంగుళం లోతున విత్తాలి. ఎండ తగిలే చోటు, నీరు నిలువని నేల కావాలి. గరుకు నేలయైనా చాలును. మొక్క నిలదొక్కుకొనే వరకే నీరు పోయాలి. కాయలు ముదిరిన పిమ్మట కొమ్మలు కత్తిరిస్తే పొద గుబురుగా పెరుగుతుంది.

మూడు జాగ్రత్తలు చెప్పుదుము. పురుగుమందు చల్లరాదు, తంగేడాకు తినే గొంగళిపురుగులే తరువాత లేత పసుపు రెక్కల సీతాకోకచిలుకలవుతాయి. మకరందం లేని లోటు తీరుటకు సమీపాన తులసిని పెంచాలి. తుమ్మెద గూడు కట్టుకొనేది ఎండుకర్రలో, వెదురులో కాబట్టి, ఒకటి రెండు ఎండు వెదురు ముక్కలను నీడపట్టున ఉంచాలి.

పట్టణాల చుట్టూ బీళ్లు ప్లాట్లుగా మారుతున్నాయి. చదును చేసే యంత్రం ముందు మొదట పోయేది ఇట్టి పొదలే. భాష బోధించే మాకు ఇందులో మరొక బాధ ఉన్నది: పువ్వు కనుమరుగైతే తంగేడు అనే మాటా తర్వర్ అనే మాటా నిఘంటువులో మాత్రమే మిగులుతాయి. పరీక్షలో పర్యాయపదం వ్రాయగల విద్యార్థి పొదను గుర్తింపలేని నాడు ఆ చదువు అసంపూర్ణమే.

కావున ప్రతి విద్యార్థి ఇంట ఒక తంగేడు మొక్క నాటవలెనని, కళాశాల ప్రహరీ వెంట ఒక వరుసకు యాజమాన్య సంఘం వారు చోటు చూపవలెనని కోరుచున్నాము. ఖర్చు స్వల్పం, తొలకరి మాత్రం ఏడాదికి ఒక్కసారే వస్తుంది.