సీము పరీక్ష చెయ్యకుంట గోలీలు మార్చుడేంది?

పోయినేడు మా తమ్ముని కొడుకు తొడ మీద గడ్డ లేసింది. ఊర్ల ఆర్‌ఎంపీ సూదేసిండు, తగ్గలే. మండలంల ఒక ప్రైవేటు దవాఖాన్ల గోలీలు మార్చిండ్రు, అయినా తగ్గలే. పదిహేను దినాలల్ల మూడు తీర్ల యాంటీబయాటిక్స్ మింగిండు పిల్లగాడు. ఆఖరికి ఇంకో దవాఖాన్ల గడ్డ కోసి, సీము ల్యాబుకు పంపితె గని అసలు సంగతి తెల్వలే. ల్యాబుల ఏం చేస్తరో నేను అడిగి తెలుసుకున్న. మీకు గూడ తెల్వాలె.

ఇసొంటి గడ్డలకు ఎక్కువగ కారణం స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా. స్కాట్లాండ్ సర్జన్ అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ 1882ల స్టెఫైలోకాకస్ అని పేరు పెట్టిండు. గ్రీకు భాషల స్టెఫైలె అంటే ద్రాక్షగుత్తి.

ముందుగాల సీమును బ్లడ్ అగార్ ప్లేటు మీద రాసి, 37 డిగ్రీల వేడిల రాత్రంత పెడతరు. తెల్లారి బ్యాక్టీరియా చిన్న చిన్న చుక్కల లెక్క పెరుగుతది. దాన్ని గ్రామ్ రంగులేసి మైక్రోస్కోపుల చూస్తె ఊదా రంగు గుండ్లు గుత్తులు గుత్తులుగ కనపడతయి.

తర్వాత కెటలేజ్ పరీక్ష. బ్యాక్టీరియా మీద 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్కేస్తరు. బుడగలు పొంగితె స్టెఫైలోకాకస్, పొంగకుంటె స్ట్రెప్టోకాకస్ కావొచ్చు. చుక్క తీసేటప్పుడు ప్లేటుల నెత్తురు అంటొద్దు. నెత్తురుకు గూడ బుడగలొస్తయి, లెక్క తప్పుతది.

అన్నిటికన్న ముఖ్యం కొయాగ్యులేజ్ పరీక్ష. మన తోలు మీద ఎప్పుడూ ఉండే సాదాసీదా స్టెఫైలోకాకస్‌లు వేరే ఉంటయి. వాటిని, ఆరియస్‌ను వేరు చేసేది ఇదే. కుందేలు ప్లాస్మాల బ్యాక్టీరియా కలిపి 37 డిగ్రీల కాడ పెడతరు. ఆరియస్ అయితె 4 గంటలల్ల పెరుగు తోడుకున్నట్టు గడ్డ కడతది. కట్టకుంటె 24 గంటల దాక చూస్తరు.

ఇగ ఏ మందు పని చేస్తదో చూసుడు. ప్లేటు నిండ బ్యాక్టీరియా పరిచి, సెఫాక్సిటిన్ బిళ్ల పెడతరు. మందు పని చేస్తె బిళ్ల సుట్టు ఖాళీ గుండ్రం పడుతది. ఆ గుండ్రం 21 మిల్లీమీటర్లు, అంతకన్న తక్కువ ఉంటె అది ఎంఆర్‌ఎస్‌ఏ. అంటె అమాక్సిసిలిన్, సెఫలెక్సిన్ లాంటివి దాని మీద పని చెయ్యయి. మా పిల్లగానికి ఉన్నది గదే. అప్పటిదాక మింగినయన్ని ఉత్తయే.

ఒక్కటి యాదికుంచుకోండ్రి. పది మందిల దగ్గర దగ్గర ముగ్గురి ముక్కుల ఆరియస్ ఊకెనే ఉంటది. ఉన్నంత మాత్రాన రోగం గాదు. చిన్న గడ్డ అయితె కోసి సీము తీస్తె చాలు, మందు గూడ అక్కెర పడకపోవచ్చు. కని జ్వరం లేసి, వాపు పాకుతుంటె ఆగొద్దు. శాంపిల్ తీసి, రిపోర్టు రాకముందే మందు మొదలువెట్టాలె.

ఇవేవీ కొత్త పరీక్షలు గావు. రెండు మూడు దినాలల్ల తేలే పని. మరి ఏరియా దవాఖాన్లల్ల సీము కల్చర్ ఎందుకు ఉండొద్దు? తమ్ముల్లారా, చెల్లెల్లారా, మందు మార్చే డాక్టర్‌ను ఒక్క మాట అడుగుండ్రి: "సార్, కల్చర్‌కు పంపిండ్రా?" మన ఒళ్లు అందాజ మీద మందులేసే జాగ గాదు.