చెయ్యి పెట్టు.. కథ కట్టు!

స్కూల్ సైన్స్ ఫెయిర్ అనగానే మీకేం గుర్తొస్తుంది? థర్మకోల్ అగ్నిపర్వతం. లోపల వంటసోడా, పైనుంచి ఎర్రరంగు కలిపిన వెనిగర్. బుస్సుమని నురగ. పక్కనే ఇస్త్రీ యూనిఫాంలో ఓ ఏడో క్లాసు పిల్లాడు ‘రెస్పెక్టెడ్ జడ్జెస్..’ అని మొదలుపెట్టి, ఊపిరి తీసుకోకుండా రెండు నిమిషాలు అప్పజెబుతాడు. మధ్యలో ఎవరైనా ‘అవును బాబూ, నిజం అగ్నిపర్వతంలో కూడా వంటసోడా ఉంటుందా?’ అన్నారో.. టేపు ఆగిపోతుంది. మళ్లీ ‘రెస్పెక్టెడ్ జడ్జెస్’ దగ్గర్నుంచే మొదలు!

తప్పు వాడిది కాదు. మోడల్ చేసింది అన్నయ్యో, ఫ్యాన్సీ షాపువాళ్లో. స్పీచ్ రాసింది టీచరో, ఫోనో. వాడి వాటాకి వచ్చింది బట్టీ ఒక్కటే. చేసే ఆనందం పోయింది, చెప్పే ఆనందమూ పోయింది.

ఆ రెండూ పిల్లాడికే తిరిగి ఇచ్చేస్తే? ఎగ్జిబిట్ వాళ్లే చేయాలి. దాని గురించి వాళ్లే రాయాలి. ఫెయిర్ రోజున మాత్రం చేసినవాళ్లు నోరు విప్పకూడదు. మాట్లాడాల్సింది రాసిన కాగితమే!

‘ఓపెన్‌హైమర్’ సినిమా చూశారుగా? అందులో హీరో తమ్ముడు ఫ్రాంక్ గుర్తున్నాడా? అన్నలాగే ఆయనా ఫిజిక్స్ మనిషే, అణుబాంబు ప్రాజెక్టులో పనిచేసినవాడే. ఒకప్పుడు కమ్యూనిస్టు పార్టీలో ఉన్నాడన్న కారణంతో 1949లో యూనివర్సిటీ ఉద్యోగం ఊడింది. కొలరాడో వెళ్లి పశువులు పెంచుకున్నాడు. కొన్నేళ్లకి అక్కడే పగోసా స్ప్రింగ్స్ అనే చిన్న ఊళ్లో హైస్కూల్ మాస్టారయ్యాడు. పాత ఇనుప సామాన్ల మధ్యకి పిల్లల్ని తీసుకెళ్లి పాఠాలు చెప్పాడు. ఆ అనుభవమంతా కలిసి 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ‘ఎక్స్‌ప్లొరేటోరియం’ అయింది. ‘ముట్టుకోరాదు’ అనే బోర్డుకి పూర్తిగా ఉల్టా మ్యూజియం. అక్కడి ప్రయోగాలను టీచర్ల కోసం రాసిన తీరు చూడండి: ముందు ‘ఏం చేయాలి, ఏం గమనించాలి’ అని ఉంటుంది. ‘అసలేం జరుగుతోంది’ అన్నది ఆ తర్వాతే. మన పాఠాల్లో ఎక్కువగా ఈ వరస తిరగబడి ఉంటుంది.

మన దగ్గరా ఈ దారిలో నడిచినవాళ్లున్నారు. కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్ క్యాంపస్ ఉంది. 1999లో మొదలైన ఈ సంస్థ ప్రయోగాల సామాన్లను వ్యాన్లలో, బైకుల మీద బడులకే తీసుకెళ్తుంది. ఐఐటీ కాన్పూర్‌లో చదివిన అరవింద్ గుప్తా అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో బొమ్మలు చేయిస్తూ ఒక జీవితకాలం గడిపారు. 2018లో పద్మశ్రీ వచ్చింది. అంటే ‘చేయడం’ అనే సగం మనకి కొత్తేం కాదు. రెండో సగం, అంటే రాయడం, దీనికి అతికిస్తే ఏమవుతుందో చూద్దాం.

పెట్టెలో ఊరు

ఏడో క్లాసు అనుకోండి. ఎగ్జిబిట్ సూదిబెజ్జం కెమెరా. ఒకదాంట్లో ఒకటి జరిగే రెండు అట్టపెట్టెలు. పెద్దదాని ముందువైపు సూదితో బెజ్జం, చిన్నదాని ముందువైపు నూనె రాసిన తెల్లకాగితం. అదే తెర. నీడలో నిలబడి, ఎండలో ఉన్న చెట్టు వైపు బెజ్జం తిప్పి, వెనకనుంచి చూస్తే తెరమీద చెట్టు తలకిందులు! (సూర్యుడి వైపు మాత్రం అస్సలు తిప్పనివ్వకండి.)

మామూలుగా అయితే ఇక్కడ ‘కాంతి రుజుమార్గంలో ప్రయాణిస్తుంది’ అని రాయించి గంట కొట్టేస్తారు. అలా కాకుండా, ‘ఈ పెట్టెలో ఒక ఊరుంది. ఆ ఊళ్లో ఒక రోజు రాయండి. పెట్టెలో కనబడేదే ఆ ఊరి రూలు’ అన్నామనుకోండి. మొదటి పది నిమిషాలూ అల్లరే. పొగ కిందికి పోతుంది, కొళాయి నీళ్లు పైకి ఎగురుతాయి, హెడ్మాస్టరు తలమీద నడుస్తాడు. ఇదంతా సులువు. అసలు పరీక్ష బస్సు వచ్చినప్పుడు. బయట బస్సు ఎడమనుంచి కుడికి పోతే, పెట్టెలో ఎటు పోవాలి?

పైకిందులు ఒక్కటే మారాయి అనుకున్న పిల్లలు బస్సును అలాగే పోనిస్తారు. అక్కడ ఎర్రపెన్ను అక్కర్లేదు. ‘వెళ్లి చూసి రా’ అంటే చాలు. పెట్టె పట్టుకుని పరిగెత్తి, బస్సు కుడినుంచి ఎడమకి పోతోందని చూసి వచ్చి, కథ కొట్టేసి మళ్లీ రాస్తారు. లోపలి పెట్టెను వెనక్కి లాగితే బొమ్మ పెద్దదవుతుంది, కానీ మసకబారుతుంది. అంటే ఆ ఊళ్లో సాయంత్రమైంది! బెజ్జం పెద్దది చేస్తే వెలుగు పెరిగి అంచులు అలుక్కుపోతాయి. ఊరికి మంచు పట్టింది! కాంతి పాఠం అర్థం కాకుండా ఈ కథ రాయడం కుదరదు.

తెలుగు పరీక్షలో సృజనాత్మకత ప్రశ్నలు ఉంటాయిగా, ‘చెట్టు ఆత్మకథ రాయండి’ లాంటివి? గైడ్లో ఒకటే చెట్టు, రాష్ట్రమంతా అదే చెట్టు. ఇప్పుడైతే ఏఐని అడిగితే రెండు సెకన్లలో ఇంకో చెట్టు. కానీ మీ పెట్టెలో బస్సు ఎటు పోయిందో ఏఐ చూడలేదు.

మోటారుని ఆపిందెవరు?

ఇంకోటి నాకు మరీ ఇష్టం. ఒక సెల్లు, రెండు పిన్నీసులు, పాత స్పీకర్ అయస్కాంతం, వైండింగ్ షాపులో దొరికే రాగితీగ చుట్ట. బుల్లి మోటారు. మొదటిసారి చాలావరకు తిరగదు. తిరగకపోతే మార్కులు పోయాయని ఏడుపు. అదే దాన్ని క్రైమ్ కథ చేస్తే? అనుమానితులు నలుగురు: సెల్లు, అయస్కాంతం, పిన్నీసు, తీగ. ఒక్కొక్కరినీ విచారించాలి. సెల్లుతో టార్చి బల్బు వెలిగిందా? వెలిగితే వదిలేయండి. అయస్కాంతం గుండుసూదిని లాగిందా? అదీ నిర్దోషే. చివరికి తళతళలాడే తీగ దొరికిపోతుంది. దానిమీద కంటికి ఆనని ఎనామిల్ పూత!

రెండు కొసలూ మొత్తం గీకేస్తే ఒకసారి వణికి ఆగుతుంది. ఒక కొసని సగం వైపే గీకితే గిర్రున తిరుగుతుంది. కరెంటు ఆగకుండా పోతే మిగతా సగం తిరుగుడులో అదే చుట్టను వెనక్కి లాగుతుంది. సగంలో కరెంటు తెగితే, వచ్చిన ఊపుతోనే ముందుకు పోతుంది. ఇంతకంటే మంచి ట్విస్ట్ ఏ వెబ్ సిరీస్‌లో ఉంది?

అన్ని పాఠాలకీ ఇది కుదరదు. సమీకరణాలకి కథ అతికిస్తే వెక్కిరింపులా ఉంటుంది. వచ్చిన కథల్లో సగం దెయ్యాల కథలే కావచ్చు, కానివ్వండి. తెలుగు మాస్టారూ సైన్స్ మేడమూ ఒకే పనికి రెండు పీరియడ్లు పక్కపక్కన ఇచ్చుకోవడమే కష్టం. తెలంగాణ ఎఫ్‌ఏల్లో ప్రాజెక్టు పనికీ, రాతపనికీ ఐదేసి మార్కులున్నాయి. ఈ ఒక్క పని రెండు గళ్లనీ నింపగలదు.

ఇంకో మాట, కథ ఇంటి భాషలో రాయనివ్వాలి. ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు ఉన్న పుస్తకాలు చదివే పిల్లలు వీళ్లు. మెకానిక్ షెడ్డులో తిరిగే పిల్లాడికి తీగ గీకడం వచ్చు, నోట్సు రాయడం రాదు. పక్కనున్న అమ్మాయికి రాయడం వచ్చు, స్క్రూడ్రైవర్ ఎప్పుడూ చేతికివ్వలేదు. ఇద్దరినీ ఒక బెంచీ మీద కూర్చోబెట్టండి.

ఇక ఫెయిర్ రోజు. చేసినవాళ్లు మూడడుగులు వెనక్కి, నోటికి తాళం. చూడ్డానికొచ్చింది ఐదో క్లాసు పిల్లలు. లేబుల్ చదివి, ఎవర్నీ అడక్కుండా పెట్టె పట్టుకోవాలి. ఎవరైనా బెజ్జానికే కన్ను ఆనించారంటే లేబుల్ ఫెయిల్. చేసినవాళ్లకి చెప్పాలని నోరు లాగేస్తుంది. చెప్పకూడదు. పెన్ను తీసి అక్కడికక్కడే మళ్లీ రాయాలి:

‘నీడలోకి రా. బెజ్జం ఎండ వైపు ఉంచి, వెనకనుంచి నూనె కాగితం చూడు. ఇప్పుడు నీ ఫ్రెండుని ఎదురుగా నిలబడి ఎగరమను. వాడు కిందికి ఎగురుతాడు.’