లేని ఓడకు కూరగాయల ఆర్డరు

రాయికల్: సింహాచలం దర్శనానికి విశాఖ వెళ్లే మనవారు బీచ్ ఒడ్డున ఉంచిన కురుసుర జలాంతర్గామిని చూసి వస్తుంటారు. అదే తీరానికి కొద్ది దూరంలో, సముద్రం అడుగున మరో జలాంతర్గామి ఉన్న సంగతి కొందరికే తెలుసు. అది పాకిస్తాన్‌కు చెందిన ఘాజీ.

మన విమానవాహక నౌక విక్రాంత్‌ను ముంచడానికి ఘాజీ 1971 నవంబరు 14న కరాచీ నుంచి బయలుదేరింది. విక్రాంత్ బాయిలర్‌లో పగులు ఉన్నందున వేగంగా పోలేదు. అందుచేత తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్.కృష్ణన్ దానిని అండమాన్ దీవులకు పంపివేసి, ఒక ఉపాయం పన్నారు. పాత యుద్ధనౌక రాజ్‌పుత్ చేత విక్రాంత్ పేరిట వైర్‌లెస్ కబుర్లు పంపించారు. విక్రాంత్ వస్తున్నదంటూ మద్రాసు కాంట్రాక్టర్లకు మాంసం, కూరగాయలు పెద్దఎత్తున ఆర్డరిచ్చారు. ఆ మాట గూఢచారుల చెవిన పడాలనే ఇదంతా.

ఘాజీ విశాఖ ముంగిటికి వచ్చింది. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పేలి మునిగింది. రాజ్‌పుత్ వేసిన బాంబులే కారణమని మన నౌకాదళం, సొంత మందుపాతరో లోపలి ప్రమాదమో అని పాకిస్తాన్ చెబుతున్నాయి. 90 మందికి పైగా ఉన్న సిబ్బందిలో ఒక్కరూ బతకలేదు. తేలుతున్న లైఫ్‌జాకెట్టును తెచ్చి చూపినవారు స్థానిక జాలర్లే కావడం విశేషం.

ఆ నెల 9న డయ్యూ సమీపంలో పాక్ జలాంతర్గామి హంగోర్ మన ఖుక్రీ నౌకను ముంచింది. కెప్టెన్ ముల్లాతో సహా 194 మంది మరణించారు. అటూ ఇటూ చాలామంది మృతదేహాలు ఇండ్లకు చేరలేదు. గల్ఫ్ నుంచి శవపేటిక కోసం రోజుల తరబడి ఎదురుచూసిన మన పల్లెలకు ఆ కడుపుకోత ఒకరు చెప్పనక్కరలేదు.