సూర్యలంక ఇంట్లో పాత సిస్టమ్

బాపట్ల నుంచి సూర్యలంక తొమ్మిది కిలోమీటర్లు. సముద్రానికి నడిచి వెళ్లేంత దూరంలో మా బాబాయి ఇల్లు. తెనాలిలో ఇరవై రెండేళ్లు డీటీపీ సెంటరు నడిపి, చూపు ఆనక మూసేసి, ఇక్కడికి చేరాడు. సెంటర్లో సామానంతా అమ్మేసినా ఒక్క కంప్యూటరు మాత్రం వెంట తెచ్చుకున్నాడు. 2013లో కొన్నది. మూడో తరం ఐ3 ప్రాసెసరు, నాలుగు జీబీ ర్యామ్, విండోస్ 7.

"ఒరేయ్, బ్యాంకు సైటు తెరుచుకోవడం లేదు, ఓసారి వచ్చి చూడు" అని ఫోన్ చేస్తే వెళ్లాను. అప్పటికే బాపట్ల నుంచి ఒక రిపేరు కుర్రాడు వచ్చి తీర్పు చెప్పి వెళ్లాడట. "ఏడు ఎప్పుడో పోయింది, పదికీ గడువు అయిపోయింది, పదకొండు ఈ బోర్డు మీద ఎక్కదు. కొత్తది తీసుకోండంకుల్" అన్నాడట.

బాబాయికి అది మింగుడు పడలేదు. "నడుస్తున్నదాన్ని పారేయమంటాడేంట్రా? పేజ్‌మేకర్ తెరుచుకుంటోంది, ప్రింటు వస్తోంది. అసలు దీనికొచ్చిన రోగమేంటి?"

న్యాయమైన ప్రశ్న. ఇళ్లలో పాత కంప్యూటర్లున్న చాలామందిది ఇదే ప్రశ్న. జవాబు కావాలంటే ఆపరేటింగ్ సిస్టమ్ పుట్టుక దగ్గరికి వెళ్లాలి.

మనిషి చేసిన పని

1950ల మొదట్లో కంప్యూటరుకు ఆపరేటింగ్ సిస్టమ్ అంటూ ఏమీ లేదు. ప్రోగ్రాం రాసినవాడు తన వంతు వచ్చినప్పుడు చిల్లుల కార్డుల కట్టతో యంత్రం దగ్గరికి వెళ్లి, కార్డులు ఎక్కించి, టేపులు బిగించి, పని నడిపించుకుని రావాలి. లక్షల డాలర్ల యంత్రం లెక్కలు చేసే సమయం కన్నా మనిషి సర్దుకునేదాకా ఊరికే కూర్చునే సమయమే ఎక్కువగా ఉండేది. 1956లో జనరల్ మోటార్స్, నార్త్ అమెరికన్ ఏవియేషన్ సంస్థల ఇంజనీర్లు కలిసి ఐబీఎం 704 కోసం ఒక ప్రోగ్రాం రాశారు. ఒక పని అయిపోగానే తర్వాతి పనిని అదే అందుకునేది. ఆపరేటింగ్ సిస్టముల చరిత్ర దాంతోనే మొదలవుతుందని చెబుతారు.

1961లో అమెరికాలోని ఎంఐటీలో ఇంకో అడుగు పడింది. ఒకే యంత్రం ముందు చాలామంది కూర్చున్నా, ఒక్కొక్కరికీ రెప్పపాటు చొప్పున సమయం పంచుతూ, అది తన ఒక్కడి కోసమే పని చేస్తున్నట్టు ప్రతివాడికీ అనిపించేలా చేశారు. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్‌కు పునాది వేశారు. 1981 ఆగస్టులో ఐబీఎం పీసీతో పాటు డాస్ వచ్చింది. 1985 నవంబరులో విండోస్ మొదటి రూపం వచ్చింది. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ మొదలుపెట్టి, దాని మూలాన్ని అందరికీ తెరిచి ఇచ్చాడు.

పేర్లు ఎన్ని మారినా లోపలి పని ఒక్కటే. బాబాయి కీబోర్డు మీద మీట నొక్కితే అది పుటలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాముకు నేరుగా చేరదు. ముందు ఆపరేటింగ్ సిస్టమ్ అందుకుంటుంది, అది ఏ ప్రోగ్రాముకు వెళ్లాలో చూసి అందిస్తుంది. ఫైలు డిస్కులో ఎక్కడ పెట్టాలో, ప్రింటరుతో ఏ భాషలో మాట్లాడాలో, ఒక ప్రోగ్రాం వాడుకునే మెమరీలోకి ఇంకొకటి చొరబడకుండా ఎలా ఆపాలో అన్నీ చూసేది అదే. అంటే ఇంట్లోకి వచ్చే ప్రతి దారికీ కాపలా అదే.

తెనాలిలో అక్షరం బతికిన తీరు

బాబాయి ఆ కంప్యూటరును వదలకపోవడానికి అసలు కారణం డి-డ్రైవ్‌లో ఉంది. శుభలేఖలు, కరపత్రాలు, కవుల పుస్తకాలు, సావనీర్లు, దేవాలయాల స్తోత్రాల పుస్తకాలు... ఇరవై రెండేళ్ల పని అంతా అక్కడే ఉంది. అన్నీ పేజ్‌మేకర్‌లో 'అను' అనే తెలుగు ఫాంట్లతో కంపోజు చేసినవే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ రోజుల్లో కంప్యూటరు ఫాంటులో ఉండేవి 256 గళ్లు. తెలుగుకు వాటిలో ప్రత్యేకంగా చోటు లేదు. అందుకని మనవాళ్లు ఇంగ్లిషు అక్షరాలుండే గళ్లలోనే తెలుగు తలకట్టులు, గుడులు, ఒత్తులు ముక్కలు ముక్కలుగా పెట్టారు. ఆపరేటరు ఆ ముక్కలను పక్కపక్కన పేర్చితే తెర మీద తెలుగు కనిపించేది. తెలుగు ప్రచురణ కంప్యూటరులోకి వచ్చింది ఆ నేర్పుతోనే. కానీ ఆ ఫైలు లోపల తెలుగన్నది లేదు. ఫాంటు తీసేస్తే మిగిలేవి అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలు, చుక్కలు, గీతలు.

తెలుగుకు సొంత చోటు 1991లో వచ్చింది. ప్రపంచ లిపులన్నిటికీ వేరువేరు సంఖ్యలిచ్చే యూనికోడ్ మొదటి కూర్పులోనే 3072 నుంచి 3199 వరకు ఉన్న సంఖ్యలు తెలుగుకు కేటాయించారు. 'సూర్యలంక' అన్న మాటను యూనికోడ్‌లో రాస్తే లోపల ఉండేవి ఎనిమిది సంఖ్యలు: 3128, 3138, 3120, 3149, 3119, 3122, 3074, 3093. స, దీర్ఘపు కొమ్ము, ర, పొల్లు, య, ల, సున్నా, క. చూడండి, 'ర్య'కు సంఖ్య లేదు, య-ఒత్తుకూ లేదు. ర, పొల్లు, య వరసగా వస్తే వాటిని కలిపి 'ర్య'గా గీయడం ఆపరేటింగ్ సిస్టమ్ పని. అంటే తెలుగు రాయడం ఎలాగో ఆపరేటింగ్ సిస్టమ్ నేర్చుకోవాలి.

విండోస్ ఆ చదువు మొదలుపెట్టింది 2001లో, ఎక్స్‌పీతో. గౌతమి ఫాంటు దాంతోనే వచ్చింది. అయినా సెట్టింగులలో ఒక గడిలో టిక్కు పెట్టి, సీడీ వేసి అదనపు ఫైళ్లు ఎక్కిస్తేగానీ ఒత్తులు కుదురుగా కూర్చునేవి కావు. విస్టా నుంచి ఆ బాధ తప్పింది. విండోస్ 7లో వాణి, 8లో నిర్మల ఫాంట్లు వచ్చాయి. ఈ రోజు మనం అలవోకగా టైపు చేసే తెలుగు వెనక ఇన్ని మెట్లున్నాయి.

తుప్పు పట్టనిది ముసలిదయ్యేదెలా

సూర్యలంకలో కంప్యూటరు పెట్టుకున్నవాళ్లకు ఉప్పుగాలి సంగతి వేరే చెప్పక్కర్లేదు. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు రేణువులు తేమ పీల్చి తామే నీరవుతాయి. ఆ పలచటి ఉప్పునీటి పొర బోర్డు మీది రాగి దారులను తినేస్తుంది. ఆ రోజు బాబాయి సీపీయూ మూత తీశాక ర్యామ్ బయటికి లాగి చూపించాడు. అంచున బంగారు రంగు పళ్లు నల్లబడి ఉన్నాయి. పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది, బ్రష్‌తో దులిపి, మళ్లీ బిగించాడు. యంత్రం చక్కగా లేచింది. మూడు నాలుగు నెలలకోసారి ఇది ఆయనకు అలవాటే.

"యంత్రానికి తుప్పు పడుతుంది, ఒప్పుకుంటా. విండోస్‌కు తుప్పేంటి?" అన్నాడు.

నిజమే, దానికి తుప్పు పట్టదు. 2013లో డిస్కులో రాసిన అంకెలు అలాగే ఉంటాయి. మారేది దాని చుట్టూ ఉన్న లోకం. లోపాలు మొదటి రోజు నుంచే లోపల ఉంటాయి, ఏళ్ల తరబడి ఎవరికీ కనపడవు. కనిపెట్టినవాడు మంచివాడైతే కంపెనీకి చెబుతాడు, అది మరమ్మతు పంపుతుంది. దొంగ కనిపెడితే దాన్నే దారి చేసుకుంటాడు. ఇదే తీరంలో వేటకు వెళ్లొచ్చిన వాళ్లు ఇసుకలో కూర్చుని వల చిరుగులు చూసుకుంటారు కదా, అప్‌డేట్ అంటే అలాంటిది. వలేమీ మారదు, ఆనాటి చిరుగు ఆనాడే కుట్టుకుంటారు. అప్‌గ్రేడ్ అంటే కొత్త వల. గడువు తీరడమంటే, ఈ వలకు ఇక కుట్లు వేయమని కంపెనీ ప్రకటించడం. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న కుట్లు ఆగాయి, హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ పగ్గాలు పట్టిన రెండు నెలలకు. విండోస్ 7కు 2020 జనవరి 14న ఆగాయి. విండోస్ 10కు 2025 అక్టోబరు 14న ఆగాయి. ఇళ్లలో వాడేవాళ్లు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 దాకా భద్రతా మరమ్మతులు అందుతాయి.

కుట్టని చిరుగు ఎంత నష్టం తెస్తుందో మన జిల్లా చూసింది. 2017 మే 12న వానాక్రై అనే పురుగు దాదాపు 150 దేశాల కంప్యూటర్లలో చొరబడి, ఫైళ్లకు తాళాలు వేసి, డబ్బిస్తేనే తీస్తామంది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో కొన్ని కంప్యూటర్లు దాని పాలపడ్డాయి. చిత్తూరు, కృష్ణా, విశాఖపట్నం, శ్రీకాకుళంతో పాటు గుంటూరు జిల్లా కూడా అందులో ఉంది. బాపట్ల అప్పటికి గుంటూరు జిల్లాలోదే. ఆ లోపానికి మరమ్మతు రెండు నెలల ముందే, మార్చి 14న విడుదలైంది. ప్రపంచమంతటా ఎక్కువగా దెబ్బతిన్నది విండోస్ 7 యంత్రాలు. అప్పటికి దానికి గడువు తీరలేదు కూడా. మందు ఉండీ వేసుకోకపోవడం వల్ల వచ్చిన ముప్పు అది.

లోపం ఎక్కడైనా దాగి ఉండొచ్చు, మన అక్షరంలో కూడా. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో మెసేజిగా వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. జ, పొల్లు, ఞ, వాటి తర్వాత కంటికి కనిపించని ఒక విడదీసే గుర్తు, ఆపైన దీర్ఘం. ఈ వరసను ఎలా గీయాలో ఆపిల్ సిస్టముకు పాలుపోలేదు. ఫిబ్రవరి 19న మరమ్మతు వచ్చింది. అప్‌డేట్ చేసుకున్న ఫోన్లకు ఆ బాధ పోయింది.

పదకొండు ఎందుకు ఎక్కదు

2021 అక్టోబరులో వచ్చిన విండోస్ 11కు టీపీఎం 2.0 కావాలి. రహస్య తాళాలను దాచిపెట్టే భద్రతా భాగం అది. ఆ పైన ఇంటెల్ అయితే ఎనిమిదో తరం, అంటే దాదాపు 2017 చివరి నుంచి వచ్చిన ప్రాసెసరు ఉండాలి. బాబాయిది మూడో తరం. అడ్డదారిలో ఎక్కించేవాళ్లు ఉన్నారు. కానీ కంపెనీ మద్దతు లేని యంత్రానికి రేపు అప్‌డేట్లు అందుతాయన్న భరోసా లేదు. భద్రత కోసం మారుతూ భద్రత లేని దారి ఎంచుకోవడంలో అర్థం లేదు.

అలాగని బాగా పనిచేసే యంత్రాన్ని పారేయడానికి నా మనసు కూడా ఒప్పలేదు. ఒక కంప్యూటరు తయారు కావడానికి ఎంతో ఖనిజం, కరెంటు, నీరు ఖర్చవుతాయి. పారేస్తే అది విషపు చెత్త.

బాబాయి ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇది. రోగం యంత్రానిది కాదు, విండోస్ 7ది కూడా కాదు. రెండు వేర్వేరు పనులను ఒకే గూట్లో పెట్టడం దగ్గర వచ్చింది చిక్కు. పాత అక్షరాలు తెరవడానికి పాత సిస్టమ్ కావాలి. నెట్టులోకి వెళ్లడానికి ఏరోజుకారోజు కుట్లు పడే సిస్టమ్ కావాలి. ఏది మార్చాలో తేల్చుకునే ముందు అక్షరాలను విడిపించుకోవాలి.

చేసింది ఇదీ

ముందు యూపీఎస్ బ్యాటరీ మార్చాం. సిస్టమ్ ఎక్కుతుండగా కరెంటు పోతే మొదటికే మోసం. తర్వాత డి-డ్రైవ్ మొత్తం రెండు బయటి డిస్కుల్లోకి కాపీ చేశాం. ఒకటి ఇక్కడ, ఒకటి తెనాలిలో చెల్లెలి ఇంట్లో. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. సముద్రం పక్కన ఉన్నవాళ్లు జ్ఞాపకాలన్నీ ఒకే ఇంట్లో దాచుకోకూడదు.

విలువైన పుస్తకాలను పీడీఎఫ్‌లుగా మార్చాం. పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, వాడాం. ఒత్తుల దగ్గర, ముఖ్యంగా ర-ఒత్తు దగ్గర తప్పులు దొర్లాయి. బాబాయి భూతద్దం పట్టుకుని రోజుకు నాలుగు పేజీలు ప్రూఫ్ చూస్తున్నాడు.

ఆ తర్వాత పాత హార్డ్ డిస్కును ముట్టుకోకుండా, పక్కన కొత్త ఎస్ఎస్‌డీ ఒకటి బిగించి లినక్స్ మింట్ ఎక్కించాం. దాన్ని ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి, ప్రింటరు పలుకుతోందా, వైఫై అందుకుంటోందా చూశాం. డిస్కు మీద ఒక్క అక్షరం రాయకుండానే లినక్స్‌ను ఇలా పరీక్షించుకోవచ్చు. మన దేశంలోనే సీ-డాక్ వాళ్లు 2007లో తెచ్చిన బాస్ లినక్స్ ఉంది, తెలుగు కోసం హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ చేసిన కృషీ ఉంది. కొత్తదంటే బెదిరిన బాబాయితో "నీ జేబులో ఫోన్ లోపల ఉన్నదీ లినక్సే" అన్నాను. ఆండ్రాయిడ్ కింద ఉన్న గుండె అదే మరి.

ఇప్పుడు పాత డిస్కు విండోస్ 7 పేజ్‌మేకర్ కోసమే, అది ఎక్కినప్పుడు నెట్ తీగ పీకేసి ఉంటుంది. బ్యాంకు పని, ఉత్తరాలు, పేపరు చదవడం అన్నీ కొత్త డిస్కు మీద. మీ ఇంట్లో యంత్రం 2018 తర్వాతిదైతే చాలావరకు ఇంత తంటా అక్కర్లేదు, బ్యాకప్ తీసుకుని పదకొండుకు మారిపోండి. దాచుకోవలసిన పాత ఫైళ్లేవీ లేకపోతే నిర్ణయం ఇంకా తేలిక.

చివరికి బాబాయికి ఒక్క దిగులు మిగిలింది. "కీబోర్డు మళ్లీ నేర్చుకోవాలంట్రా?" తెలుగు డీటీపీల్లో ఎంతోమంది వేళ్లకు అలవాటైన ఆపిల్ కీబోర్డు అమరిక లినక్స్‌లోనూ ఉంది. ఇన్‌పుట్ జాబితాలో వెతికి పెట్టాను. తెర మీద ఖాళీ పేజీ తెరిచి, కళ్లజోడు కూడా పెట్టుకోకుండా, కిటికీలోంచి సముద్రం వైపు చూస్తూ ఒక మాట కొట్టాడు. "వచ్చిందా?" అని అడిగాడు. తెర మీద 'సూర్యలంక' అని ఉంది, య-ఒత్తు తన చోట తాను కూర్చుని.