గోడ మూల ఎందుకు రాలుతుంది?

పిల్లలూ! ఈ పేజీ చదవడం ఒక్క నిమిషం ఆపి, మీ ఇంటి గోడలు ఒకసారి పరకాయించి చూసి రండి. గోడ మధ్యలో పూత నున్నగానే ఉంటుంది. గుమ్మం పక్కనో, వరండా మలుపులోనో రెండు గోడలు కలిసి బయటికి పొడుచుకువచ్చే అంచు దగ్గర మాత్రం పెచ్చు లేచిపోయి, లోపలి ఎర్ర ఇటుక కనిపిస్తూ ఉంటుంది. రెండుచోట్లా అదే సిమెంటు, అదే ఇసుక. పూసిన మేస్త్రీ కూడా ఒకరే. మరి మూలకే ఎందుకీ తిప్పలు?

తగిలే దెబ్బలన్నీ దానికే కదా అంటారు మీరు. నిజమే. మంచం జరిపినా, సైకిలు లోపల పెట్టినా తగిలేది మూలకే. పైగా పదునైన అంచు మీద బలమంతా చిన్న వైశాల్యం మీదే పడుతుంది గనుక పీడనం ఎక్కువ. కాని దెబ్బ తగలని మూలలు కూడా రాలుతున్నాయే!

బట్టల సబ్బు బిళ్ళను గుర్తు తెచ్చుకోండి. వాడడం మొదలుపెట్టగానే ముందు కరిగేవి దాని అంచులు. మధ్య భాగానికి ఒక వైపునుంచే నీరు తగిలితే, అంచుకు రెండు వైపులనుంచీ తగులుతుంది. గోడ పూతను ఒక సెంటీమీటరు ఘనాలుగా కోసినట్టు ఊహించుకోండి. మధ్యనున్న ఘనానికి ఒక ముఖమే గాలికి తెరిచి ఉంటుంది, అంచునున్న దానికి రెండు. అందుచేత అంచులోని తడి మిగతా పూతకన్నా ముందే ఎగిరిపోతుంది.

త్వరగా ఆరితే మంచిదే కదా అనుకుంటున్నారా? నేనూ అలాగే అనుకున్నాను. సైన్సు మాస్టరునై ఉండి కూడా!

2016 వేసవిలో మా ఇంటి నడవా మూల కొంత రాలింది. మేస్త్రీ ఎందుకు దండగ అని నేనే తాపీ పట్టాను. ఇసుక ఎక్కువైతే బలం తగ్గుతుందని లెక్కవేసి, ఉత్త సిమెంటే ముద్దగా కలిపి, పొడి ఇటుక మీద మెత్తాను. సాయంత్రానికి రాయిలా ఉంది. అందరినీ పిలిచి చూపించాను. నెల తిరక్కుండానే ఒక రాత్రి మా అమ్మ నీళ్ళకోసం లేచి, ఎప్పటిలాగే ఆ మూల పట్టుకుని అడుగు వేసింది. నేను మెత్తిన ముక్క మొత్తం ఊడి ఆమె చేతిలోకి వచ్చింది. పక్కనే ఉన్న తలుపు దొరికింది గనుక పడిపోలేదు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి.

మర్నాడు మేస్త్రీ వచ్చి, ఊడిన ముక్క వెనకవైపు తిప్పి చూశాడు. ఎంత శుభ్రంగా ఉందంటే ఇటుకకు ఎన్నడూ అంటుకోనట్టే ఉంది. "గోడకి దాహం తీర్చకుండా పూత వేశారు మాస్టారూ, అందులో నీళ్ళన్నీ అదే తాగేసింది" అన్నాడు.

బురద ఆరి గట్టిపడుతుంది. సిమెంటు అలా గట్టిపడదు. 1824లో ఇంగ్లండులోని లీడ్సు నగరంలో జోసెఫ్ ఆస్ప్‌డిన్ అనే తాపీపనివాడు పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు తీసుకున్నాడు. దాని వంశానికి చెందినదే మనం నేడు వాడే సిమెంటు. అందులోని కాల్షియం సిలికేట్లు నీటితో రసాయనికంగా కలిసి, ఒకదానిలో ఒకటి పెనవేసుకునే కొత్త పదార్థంగా మారితేనే బలం వస్తుంది. అందుకే అది నీళ్ళ అడుగున కూడా గట్టిపడుతుంది. చర్య మొదటి వారంలో చురుగ్గా, తర్వాత నెమ్మదిగా సాగుతుంది. ప్రయోగశాలలో బలాన్ని 28వ రోజున కూడా పరీక్షించేది ఇందుకే. మధ్యలో నీరు అయిపోతే చర్య ఆగిపోతుంది. మంచి ఇటుక కూడా తన బరువులో నూటికి పది, పదిహేను వంతుల నీరు పీల్చుకోగలదు. నా పూతను ఇటుక వెనకనుంచి, ఎండగాలి ముందునుంచి పీల్చేశాయన్నమాట. ఉత్త సిమెంటు వాడడం మరో తప్పు. సిమెంటు ముద్ద ఆరుతూ కుంచించుకుపోతుంది. ఆ కుంచింపును అడ్డుకునేవి ఇసుక రేణువులే.

మేస్త్రీ పని చూస్తూ కూర్చున్నాను. ముందుగా తాపీ పిడితో మూల పొడుగునా తట్టుకుంటూ పోయాడు. గట్టిగా ఉన్నచోట 'టక్' మంది, లోపల విడిపోయినచోట 'డొల్లు' మంది. డొల్ల చప్పుడు వచ్చినంత మేరా ఉలితో కొట్టేశాడు. (ఉలిపని పెద్దవాళ్ళదే. కళ్ళకు అద్దాలు ఉండాలి.) దుమ్ము దులిపి, ఇటుకమీద నీళ్ళు పోసి, మెరుపు పోయి తడి మాత్రం మిగిలేదాకా ఆగాడు. పలచటి సిమెంటు పాలు పూశాడు. ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్ళు జల్లించిన ఇసుక కలిపాడు. ఒక గోడకు చెక్క బద్దను నిలువుగా ఆనించి, అంచు ఎంతవరకు రావాలో అంతవరకు ముందుకు జరిపి, తూకం గుండు వదిలి సరిచూశాడు. ఆ బద్ద ఆసరాతో రెండో గోడవైపు పూత నింపాడు. అది గట్టిపడ్డాక బద్దను ఇటు మార్చి, అటు నింపాడు. రెండువైపులా ఒకేసారి మెత్తితే అంచు జారిపోతుందట.

మూల తొంభై డిగ్రీలుందో లేదో అతను మూలమట్టంతో చూశాడు. మూలమట్టం లేకపోతే మీకు పైథాగరస్ ఉన్నాడు. 3, 4, 5 కొలతల త్రిభుజం లంబకోణ త్రిభుజం కదా! అయితే గోడలోంచి టేపు పోదు. అందుకని తిన్నని బద్ద ఒకటి మొదటి గోడకు ఆనించి, మూల దాటి బయటికి పొడుచుకొచ్చేట్టు అడ్డంగా పట్టుకోండి. మూలనుంచి బద్దమీద 30 సెం.మీ., రెండో గోడమీద 40 సెం.మీ. గుర్తు పెట్టండి. రెండు గుర్తుల మధ్య దూరం సరిగ్గా 50 సెం.మీ. వస్తే మూల లంబంగా ఉన్నట్టే. ఎందుకో 180లోంచి 90 తీసివేసి చూడండి.

ఇక్కడొక హెచ్చరిక. తడి సిమెంటు గాఢమైన క్షారం. ఎర్ర లిట్మస్‌ను వెంటనే నీలంగా మార్చేస్తుంది. చర్మాన్నీ కాలుస్తుంది. చేతితొడుగులు లేకుండా ముట్టుకోకండి. గోడకు చెమ్మ పట్టి తెల్లటి ఉప్పు పొంగుతుంటే మాత్రం ముందు ఆ చెమ్మ ఎక్కడనుంచి వస్తోందో వెతకండి. అది ఆగేదాకా ఎంత మంచి పూతైనా నిలవదు.

చివర్లో మేస్త్రీ ఆ మూలకు గోనెపట్టా చుట్టి, వారం రోజులు అది ఆరకుండా తడుపుతూ ఉండమన్నాడు. అంతకుముందు ఒక చిన్న పని చేశాడు. పచ్చిగా ఉండగానే పదునైన అంచును తాపీతో రుద్ది, బొటనవేలంత గుండ్రంగా చేశాడు. దెబ్బకు తట్టుకుంటుందనే కదా అని అడిగాను. "అదీ నిజమే. పెద్దమ్మగారు పట్టుకునే చోటు కదండీ, చేతికి కోసుకోకూడదు" అన్నాడు.

ఒకటికి నాలుగు పాళ్ళ ముద్దను పెద్దవాళ్ళ చేత రెండు ప్లాస్టిక్ మూతల్లో పోయించండి. మర్నాడు బిళ్ళలు రెండూ బయటికి తీసి, ఒకటి ఎండలో పెట్టండి. రెండోది తడిగుడ్డలో చుట్టి వారం రోజులు నీడలో ఉంచి తడుపుతూ ఉండండి. తర్వాత రెండింటినీ మేకుతో గీకి చూడండి. తేడా ఎక్కడ ఎక్కువ కనిపించింది, మధ్యలోనా, అంచుల్లోనా?