'అధికార పరిధికి లోబడి': ఒక పదబంధం, రెండు పాఠాలు

రాజ్యాంగాన్ని అది ఆమోదం పొందిన నాటి అర్థంలోనే చదవాలనే వాదాన్ని అమెరికాలో ఒరిజినలిజం అంటారు. మారిన కాలాన్నీ లెక్కలోకి తీసుకోవాలనేది 'సజీవ రాజ్యాంగ' వాదం. ఈ రెండూ ఎదురెదురు శిబిరాలని మీరు చదివే ఉంటారు. కాని నేటి ముఖ్యమైన వివాదంలో ఒరిజినలిస్టులే రెండుగా చీలారు.

1868 నాటి 14వ సవరణ ప్రకారం, అమెరికాలో పుట్టి ఆ దేశ 'అధికార పరిధికి లోబడిన' వారు పౌరులు. లోబడటమంటే ఏమిటి? వాంగ్ కిమ్ ఆర్క్ శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా దేశస్థులకు పుట్టాడు. చైనా వెళ్లి 1895లో తిరిగి వస్తే, పౌరుడు కాదంటూ అధికారులు ఓడరేవులోనే ఆపేశారు. 1898లో సుప్రీంకోర్టు 6-2 ఆధిక్యంతో అతడు పౌరుడేనని తేల్చింది. ఆంగ్ల కామన్ లా ఆధారంగా జస్టిస్ హొరేస్ గ్రే అంగీకరించిన మినహాయింపులు కొన్నే: విదేశీ రాయబారుల పిల్లలు, దేశాన్ని ఆక్రమించిన శత్రువుల పిల్లలు, అమెరికన్ ఇండియన్ తెగల పిల్లలు.

అయితే వాంగ్ తల్లిదండ్రులు అక్కడ స్థిరనివాసులన్న మాట కూడా తీర్పులో ఉంది. చీలికకు మూలం ఇదే. 1985లో పీటర్ షుక్, రోజర్స్ స్మిత్ తమ గ్రంథంలో పౌరసత్వానికి ఇరుపక్షాల సమ్మతి అవసరమన్నారు. అనుమతి లేకుండా ఉంటున్నవారి పిల్లలకు రాజ్యాంగం పౌరసత్వాన్ని తప్పనిసరి చేయదని వాదించారు. 2006లో జేమ్స్ హో దీనికి భిన్నంగా, లోబడటమంటే ఆ దేశ చట్టానికి కట్టుబడి ఉండవలసి రావడమేనన్నారు. అనుమతి లేకుండా వచ్చినవాడు దొంగతనం చేస్తే అమెరికా కోర్టు శిక్షించదా? నాకు ఈ పాఠమే బలమైనదిగా తోస్తుంది. స్థిరనివాసం ఆ కేసులోని వాస్తవమే కాని, గ్రే తర్కానికి పునాది కాదు.

ఇది తరగతి గదికే పరిమితమైన చర్చ కాదు. 2025 జనవరి 20 నాటి అధ్యక్షుని ఉత్తర్వు ప్రకారం, తల్లి తాత్కాలిక వీసాపై ఉండి, తండ్రి పౌరుడో గ్రీన్‌కార్డుదారుడో కాకపోతే బిడ్డకు పౌరసత్వం రాదు. గ్రీన్‌కార్డు కోసం ఏళ్లుగా ఎదురుచూస్తున్న హెచ్-1బి కుటుంబాల్లో మన తెలుగువారెందరో మీకు తెలుసు. సియాటిల్‌లోని ఫెడరల్ జడ్జి మూడు రోజులకే ఆ ఉత్తర్వును తాత్కాలికంగా నిలిపివేశారు.

1868లో నేటి వీసాలు లేవు, కనుక నాటి అర్థం దొరకదని కొందరంటారు. గాబ్రియేల్ చిన్, పాల్ ఫింకెల్‌మన్ 2021లో వేరే దారి చూపారు. 1808 నుంచి బానిసల దిగుమతి నిషిద్ధం. అయినా దొంగచాటుగా తెస్తూనే వచ్చారు. చట్టవిరుద్ధంగా దేశంలోకి వచ్చిన ఆ మనుషుల పిల్లలకు కూడా 14వ సవరణ పౌరసత్వమిచ్చింది.